ఎడమ చేతి కమ్మీ

దోబ్రింకాకి యాభై ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. ప్లోవ్‌దివ్ ఊరి చివర చూపు లేనివాళ్ల కోసం కట్టిన పేటలో పెరిగింది, ఆ పేట వర్క్‌షాపులోనే ముప్పై ఏళ్లు కరెంటు స్విచ్చులు బిగించింది, అక్కడే ముసలిదవుతోంది. ఈ చివరి మాట ఆమె వినేలా అనకూడదు. అన్నవాళ్లకి ఆదివారం బనిత్సా ముక్క దక్కదు. జున్ను కూరి పొరలు పొరలుగా కాల్చే ఆ రొట్టె ఆమెలా చేసేవాళ్లు పేటలో ఇంకొకరు లేరు.

వర్క్‌షాపు సగానికి సగం మూతపడ్డాక ఆమె చేతులకి పని లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయం పరిశోధకులు పేటకి రావడం మొదలుపెట్టారు. చూపు లేనివాళ్ల కోసం, నరాల జబ్బులతో కాలూ చెయ్యీ స్వాధీనం తప్పినవాళ్ల కోసం వాళ్లు పరికరాలు తయారుచేస్తారు. వాటిని వాడి చూసి బాగోగులు చెప్పే మనుషులు కావాలన్నారు. దోబ్రింకా మొదటి రోజే పేరిచ్చింది.

ఎనిమిదేళ్లలో ఎన్ని చూసిందో. మాట్లాడే చేతికర్ర వచ్చింది. అది ప్రతి చెట్టునీ మనిషి అనేది, దోబ్రింకా మర్యాదకి ప్రతి చెట్టునీ పలకరించింది. అడ్డం వస్తే కూసే చెప్పులు వచ్చాయి. పేటలో పిల్లులన్నీ వాటి వెంట పడ్డాయి. చెయ్యి వణికేవాళ్ల కోసం నిలకడగా ఉండే చెంచా వచ్చింది. అకార్డియన్ మాస్టారు అపోస్తల్ దాన్ని పట్టుకుంటే సూపు ఒలకలేదు గానీ, చెంచా నోటి దగ్గరికి రానని మొరాయించింది. దోబ్రింకా ఉన్నది ఉన్నట్టు చెప్పేది. "ఈ చెప్పులు మీ పెద్దాయనకి తొడిగి చేపల బజారుకి పంపండి," అంది ఒకసారి. వాళ్లు నవ్వి, రాసుకుని, మార్చుకుని వచ్చేవారు. వాళ్ల జాబితాలో ఆమెది ఒకటో నంబరు. పేటలో 'ప్రొఫెసరమ్మ' అని వెక్కిరించేవారు. ఆమెకి అందులో వెక్కిరింత వినపడేది కాదు, ప్రొఫెసరమ్మ ఒక్కటే వినపడేది.

అలాంటి మనిషి ఫిబ్రవరిలో ఒక పొద్దున అబద్ధం ఆడింది. పెద్దదేం కాదు, ఒక్క ముక్క.

ఆ ముక్క సంగతి తెలియాలంటే పేటలో నడక సంగతి తెలియాలి. ప్రతి సందుకీ రెండు వైపులా నడుం ఎత్తున ఇనుప కమ్మీలు ఉంటాయి. ఎటు పోతున్నా సరే, కమ్మీ ఎడమ చేతికి ఉండాలి, కర్ర కుడి చేతిలో ఉండాలి. అప్పుడు పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకరికొకరు తగలరు. దారిలో అడ్డం ఏదైనా ఉంటే, ఎవరో వదిలేసిన సైకిలో, నీళ్లవాళ్లు తవ్విన గొయ్యో, ఉంగరంతోనో తాళంచెవితోనో కమ్మీని మూడుసార్లు కొట్టి పోవాలి. ఆ కబురు ఇనుములోంచి వెనక వచ్చేవాళ్ల అరచేతికి అందుతుంది. ఎంత దూరంలో ఉందో కూడా ఆ అరచేతికి తెలిసిపోతుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. ఎదురైనవాళ్లని బాగున్నారా అని అడగడం ఎవరు నేర్పారు? అంచేత దీని గురించి పరిశోధకులకి చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇక బెల్టు. దాన్ని వెసెలా అనే అమ్మాయి మూడేళ్లు తల బద్దలుకొట్టుకుని తయారుచేసింది. ముప్పై రెండేళ్లుంటాయి, గోళ్లు కొరుక్కునే చప్పుడు పదడుగుల అవతలికి వినిపిస్తుంది. ఆ బెల్టు నడుముకి కట్టుకుంటే కుడి పక్క అడ్డం ఉన్నప్పుడు కుడి పక్క జివ్వుమంటుంది, ఎడమ పక్క ఉన్నప్పుడు ఎడమ పక్క. చూపు బొత్తిగా లేనివాళ్లకీ పనికొస్తుంది, పక్షవాతం వచ్చి ఒక పక్క చూపు పోయినవాళ్లకీ పనికొస్తుంది. పరీక్షకి ఏడుగురు కావాలంది. లోపల పల్చటి బట్టలే వేసుకోమని మరీ మరీ చెప్పింది.

దోబ్రింకాకి ఆ వారం నడుం నొప్పి. వాళ్లమ్మ నాటి ఉన్ని పట్టీని రెండు చుట్లు చుట్టుకుని, మీద స్వెటర్ లాక్కుని, ఆ పైన బెల్టు కట్టించుకుంది. చెప్పలేదు. నడుం నొప్పి అంటే పాపం అంటారు. పాపం అన్నవాళ్లని మెల్లగా జాబితాలోంచి తీసేస్తారు. ఏడాది కిందట ఇద్దరిని అలాగే తీసేశారు, వీడ్కోలు కేకు కూడా పెట్టారు.

క్లబ్బు గుమ్మం నుంచి రొట్టెల కొట్టు దాకా పోయి రావాలి. దారిలో వెసెలా కుర్చీలూ అట్టపెట్టెలూ పెట్టింది. కొన్ని నడిమధ్యన, కొన్ని కుడి వైపు, కొన్ని కమ్మీని ఆనించి. ఒకటో నంబరు కాబట్టి దోబ్రింకా ముందు బయల్దేరింది. కుడి పక్క పెట్టె ఉంటే బెల్టు కుడి పక్క జివ్వుమంది. బాగానే ఉంది. ఇంకో ఇరవై అడుగులు వేసింది. కమ్మీ మీద జారుతున్న ఆమె వేళ్లకి చల్లటి చెక్క తగిలింది. కుర్చీ. నడుము దగ్గర మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఆమె ఏమీ ఎరగనట్టు, నాట్యం చేసేదానిలా, పక్కకి అడుగేసి దాటేసింది.

"పిన్నీ, ఎడమ పక్క జివ్వుమందా?" వెనక నుంచి వెసెలా అడిగింది. గోళ్లు కొరకడం ఆపి మరీ అడిగింది.

ఎడమ పక్కకి పడ్డ ఉన్ని పట్టీ ముడి ఆ జివ్వుని మింగేసి ఉంటుందనుకుంది దోబ్రింకా. లేదు అంటే ఏదీ చూడనివ్వండి అంటుంది. స్వెటర్ ఎత్తితే ముసలమ్మ పట్టీ బయటపడుతుంది.

"ఆ. జివ్వుమంది," అంది.

అని, అలవాటు కొద్దీ ఉంగరంతో కమ్మీని మూడుసార్లు కొట్టి ముందుకి పోయింది.

వెనక ఆరుగురూ ఆ కుర్చీకి నాలుగడుగుల ముందే చక్కగా పక్కకి తప్పుకున్నారు. జివ్వుమందా అంటే జివ్వుమంది అన్నారు. వెసెలా కాగితం మీద తప్పన్నదే లేదు. ఆ మధ్యాహ్నం క్లబ్బులో ఆమె ఏడ్చేసింది, భోజనం కాకముందే అందరికీ రకియా, పళ్లతో కాచే ఆ ఘాటు సారా, పోసింది. "మీరు లేకపోతే ఇది లేదు," అని దోబ్రింకా రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఆ మాట నూటికి నూరు పాళ్లూ నిజమని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

దోబ్రింకా పక్కింట్లో రూజా ఉంటుంది. ఆమెకీ చూపు లేదు, ఆ ఏడుగురిలో ఆమె ఒకతి. మొగుడు స్పాస్ మాత్రం చూపున్నవాడు. ఇరవై ఆరేళ్లు ఊరి బస్సు నడిపాడు. నిరుటి శరదృతువులో మెదడులో నరం దెబ్బతిని, ఎడమ పక్క అంతా పోయింది. కన్ను పోలేదు, పక్క పోయింది. ఆ పక్కన ప్రపంచం అనేది ఒకటి ఉందని అతనికి గుర్తే లేదు. కంచంలో కుడి సగం తిని, ఇంత కొంచెం పెడతావేంటే అని రూజాని తిడతాడు. ఆమె కంచాన్ని ఇటు తిప్పుతుంది. "ఆఁ, ఇప్పుడు పెట్టావు సరిగ్గా," అంటాడు. మార్చి ఒకటిన, వసంతం వస్తోందని అందరికీ కట్టినట్టే, రూజా అతనికీ మణికట్టుకి ఎర్ర తెల్ల దారం కట్టింది. ఈ ఏడు నాకు దారం కూడా కట్టలేదు చూడండని అతను పేటంతా చెప్పుకు తిరిగాడు. ఆమె కట్టింది ఎడమ చేతికి.

వెసెలా బెల్టుని మొదటిసారి పేట బయటికి తీసుకుపోయేది ఈ స్పాస్. ఎడమ పక్క చెయ్యి వేస్తే అతనికి తెలియదు గానీ, నడుము మీద జివ్వుమంటే తెలుస్తుందని డాక్టర్లు చూసి చెప్పారు. గురువారం పది గంటలకి, బజారు ముందున్న పెద్ద రోడ్డు మీద, పై నుంచి వచ్చిన కమిటీ చూస్తుండగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దాటాలి. అలవాటుకని బెల్టు వారం ముందే ఇంటికిచ్చారు.

మంగళవారం రూజా గోడ మీద తట్టి దోబ్రింకాని పిలిచింది.

"ఏమే ప్రొఫెసరమ్మా, ఆ బెల్టు ఇంట్లో పని చెయ్యదా ఏంటి?"

"ఎందుకు చెయ్యదు?"

"పొద్దున్నుంచి మూడుసార్లు ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకున్నాడు. ఆ చప్పుడు నాకు తెలియదా? ఏంటయ్యా అంటే, ఏ గుమ్మం అంటాడు."

లోపల నుంచి స్పాస్ అరిచాడు. "బెల్టు బ్రహ్మాండంగా ఉంది! స్టూలుంటే చెప్పింది, నువ్వొస్తుంటే చెప్పింది. నీ కన్నా నయం, ఒకసారి చెప్పి ఊరుకుంటుంది!"

దోబ్రింకా బెల్టు విప్పించి, పల్చటి జాకెట్టు మీద తన నడుముకే కట్టుకుంది. "రూజా, ఆ గిన్నె మూత పట్టుకుని నా కుడి పక్కకి రా," అంది. కుడి పక్క జివ్వుమంది. "ఇప్పుడు ఎడమ పక్కకి రా."

నిలబడింది. నడుము దగ్గర ఏమీ లేదు.

"రావే."

"ఎప్పుడో వచ్చా. నీ మోచేతికి ఆనించి పట్టుకున్నా."

దోబ్రింకా వేళ్లు వెతికితే మోచేతి పక్కనే చల్లటి గిన్నె మూత తగిలింది. రూజా గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు నీకు జివ్వుమందన్నావుగా?"

"నీకో?"

"నాకా... కమ్మీ మీద నీ ఉంగరం వినపడింది, తప్పుకున్నా. జివ్వుమందా అంది. నువ్వు జివ్వుమందన్నాక నేను కాదంటే ఏం బావుంటుంది?"

ఆ సాయంత్రం దోబ్రింకా వెసెలాకి ఫోన్ చేసింది. నిజమంతా చెప్పాలనే చేసింది. "పిన్నీ, గురువారం దాకా ఊపిరాడటం లేదు, అర్జెంటా?" అంది ఆ పిల్ల. "అబ్బే, అర్జెంటంటే... స్పాస్‌కి ఎడమ పక్క గుమ్మం తగులుతోందట." "ఇళ్లలో ఇరుకు పిన్నీ, బయట బాగా చేస్తుంది. అయినా పరీక్షించింది మీరే కదా!" అని నవ్వి పెట్టేసింది. దోబ్రింకా ఫోను చెవికి అలాగే ఆనించుకుని, అవతల ఎవరూ లేరని తెలిసి కూడా, "ఉన్ని పట్టీ అమ్మా," అంది. ఖాళీ ఫోనుకి చెప్పడం ఎంత తేలికో.

బుధవారం మిగతా ఐదుగురినీ ఒక్కొక్కరినీ అడిగింది. అపోస్తల్ మాస్టారు అకార్డియన్ పక్కన పెట్టాడు. "నాకేం అనిపించలేదమ్మా. నీకు అనిపించి నాకు అనిపించలేదంటే, నా నరాలు పూర్తిగా చచ్చాయనుకుంటారని..." ఒకావిడ అయితే వెసెలా మొహం చిన్నబోతుందని జివ్వుమందన్నానంది. మొహం చూడలేనిదానివి నీకెలా తెలుసే అంటే, గోళ్ల చప్పుడు ఆగిందిగా అంది. ఏడుగురిలో ఏ ఒక్కరికీ ఎడమ పక్క ఏమీ తెలియలేదు. ఏడుగురినీ నడిపించింది కమ్మీ. కమ్మీని మోగించింది దోబ్రింకా.

గురువారం పొద్దున వెసెలా కారు తెచ్చింది. దోబ్రింకా కూడా రావాలి, ఒకటో నంబరుగా కమిటీకి నాలుగు మాటలు చెప్పాలి. కారెక్కేముందు రూజా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా. ముందు అన్నది నేను."

"ఎప్పుడు? ఆయన దాటాకా?"

కారులో చెప్పాలనుకుంది. కానీ వెసెలా దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఈ రోజు కమిటీ ఒప్పుకుంటే రెండొందల బెల్టులు తయారవుతాయట, ఊరూరికీ పంపుతారట. మొదటి పేజీలో మీ పేరుంటుంది పిన్నీ అంది. రెండొందల అన్న మాట దగ్గర దోబ్రింకా నోరు తెరిచింది. తన పేరు దగ్గర మూసుకుంది.

పెద్ద రోడ్డు దగ్గర కమ్మీ లేదు. దోబ్రింకా ఎడమ చెయ్యి గాలిలో కాసేపు వెతుక్కుని, కోటు జేబులోకి వెళ్లిపోయింది. కమిటీ వాళ్లు నలుగురో ఐదుగురో ఉన్నారు. సెంటు వాసన, చలికి బూట్లు నేలకేసి కొట్టుకునే చప్పుడు. కారుని అవతలి పక్కకి తీసుకెళ్లి పెట్టి వచ్చింది వెసెలా, స్పాస్ రోడ్డు దాటి దాని దాకా నడవాలి కాబట్టి.

"ముందు స్పాస్ గారు దాటుతారు, తర్వాత దోబ్రింకా గారు మాట్లాడతారు," అంది కమిటీతో. "దయచేసి ఎవరూ ఆయన్ని తాకొద్దు, పిలవొద్దు. నేను రెండడుగులు వెనక ఉంటాను."

"ఇరవై ఆరేళ్లు ఈ రోడ్డు మీద బస్సు తోలినవాణ్ణి," అన్నాడు స్పాస్. "నాకు దాటడం నేర్పుతున్నారు! రూజా, చూస్తున్నావా?"

"చూస్తున్నానయ్యా," అంది రూజా. ఆ మాటకి కమిటీలో ఎవరో నవ్వారు.

ఎడమ వైపు దూరంగా, మలుపు దగ్గర, బరువుగా ఒక చప్పుడు మొదలైంది. బస్సు. బళ్లు రోడ్డుకి కుడి పక్కన నడిచే ఈ దేశంలో, అంచు మీద నిలబడ్డ మనిషికి మొదట వచ్చే బండి ఎడమ వైపు నుంచే వస్తుంది. దోబ్రింకాకి ఆ చప్పుడు పెరగడం తెలుస్తోంది.

"ఆగండి," అంది. బూట్ల చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. మళ్లీ అరిచింది. "ఆగండి! నేను అబద్ధం చెప్పాను!"

బూట్ల చప్పుడు ఆగిపోయింది.

"ఏంటి పిన్నీ?" అంది వెసెలా.

"నాకు ఎడమ పక్క జివ్వుమనలేదు. ఎవరికీ అనలేదు. నడుం నొప్పికి ఉన్ని పట్టీ చుట్టుకున్నా, అది తినేసిందనుకున్నా. ఇదిగో, చూడండి!" కోటు గుండీలు ఊడదీసి, స్వెటర్ పైకెత్తి, అంతమంది పెద్దమనుషుల ముందు వాళ్లమ్మ నాటి పట్టీని చూపించింది. ఆ రోజు కూడా చుట్టుకునే వచ్చింది. "కమ్మీని కొట్టింది నేను. వాళ్లు తప్పుకుంది దానికి, బెల్టుకి కాదు..."

అందరూ ఆమెనే చూస్తున్నారు. వెసెలా కూడా. పొద్దున్నుంచీ అందరూ తనవైపే చూస్తుంటే మురిసిపోయిన స్పాస్‌కి ఈ ఆలస్యం నచ్చలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. అతనికి ఉన్న రోడ్డంతా ఖాళీగానే ఉంది. కాలు కింద పెట్టాడు.

హారన్, బ్రేకు, ఎవరో ఆడమనిషి కేక, అన్నీ ఒక్కసారే వచ్చాయి. వేడిగాలి దోబ్రింకా మొహాన్ని కొట్టి పోయింది. తర్వాత బట్ట చిరిగిన చప్పుడు.

"పట్టుకున్నా," అంది వెసెలా. "పట్టుకున్నా, కాలరు... పట్టుకున్నా." అదే మాట నాలుగైదుసార్లు అంది.

"ఏమైంది? ఎందుకు లాగావు?" స్పాస్ అరుస్తున్నాడు. "కొత్త కోటు! ఎవరూ లేరుగా!"

ఆగిన బస్సు కిటికీలోంచి డ్రైవరు తిడుతున్నాడు. స్పాస్ నడుము దగ్గర బెల్టు నిశ్శబ్దంగా ఉంది.

కమిటీ వాళ్లు ఆరోగ్యం జాగ్రత్త అనీ మళ్లీ కలుద్దామనీ చెప్పి వెళ్లిపోయారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. వెసెలా అంచు మీద కూలబడి బెల్టుని ఒళ్లో పెట్టుకుంది. తిడుతుందేమోనని దోబ్రింకా ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"కమ్మీ పిన్నీ," అంది ఆ పిల్ల చివరికి. "మీ పేటలో కమ్మీ ఎప్పుడూ ఎడమ పక్కనే. బెల్టు ఆగకుండా మోగేది. అందుకని ఎడమ పక్క నడుం ఎత్తున ఏదున్నా కమ్మీ అనుకుని ఊరుకోమని నేనే దానికి నేర్పాను. పరీక్షలో ఎడమ పక్క తప్పులొస్తే మారుద్దామనుకున్నా." గోరు కొరికిన చప్పుడు. "ఒక్క తప్పూ రాలేదు."

స్వెటర్ ఇంకా సగం పైకే ఉందని దోబ్రింకాకి అప్పుడు తెలిసింది, కిందికి లాక్కుంది.

కారు అవతలి పక్కన ఉంది. దాటక తప్పదు. వెసెలా ముందు నడిచింది, బళ్లని ఆపడానికి చెయ్యెత్తి. రూజా మొగుడి కుడి చెయ్యి పట్టుకుంది. దోబ్రింకా అతని ఎడమ పక్కకి వెళ్లి, చిరిగిన కోటు చేతిని గుప్పిట్లో బిగించింది.

"ఏదీ ఆ దోబ్రింకా?" అన్నాడు స్పాస్ నడుస్తూ. "పారిపోయిందా?"

రూజా అతని చెయ్యి లాగింది. అతని నోరు ఆగలేదు.

"సిగ్గుండాలి మనిషికి. ఒక మంచి పని జరుగుతుంటే బట్టలెత్తి చూపించి చెడగొట్టింది. ఆ పిల్ల మూడేళ్ల కష్టం. నేను ఊరుకోను. రేపు పొద్దున్నే నేనొక్కణ్ణే వచ్చి దాటి చూపిస్తా."

"నోరు మూసుకుని నడువయ్యా."

రోడ్డు మధ్యలో దోబ్రింకా ఎడమ చెంపకి వెచ్చగా తగిలింది. వెసెలా చెయ్యెత్తితే ఆగిన ఇంకో బస్సు ఇంజిను వేడి. చెయ్యి చాపితే రేకు తగిలేంత దగ్గర. అది గుర్రుమంటూ వాళ్లు పోయేదాకా కాచుకుని ఉంది.

"ఇంత మెల్లగా ఎందుకే?" అన్నాడు స్పాస్. "ఇటు ఎవరూ లేరు కదా."

దోబ్రింకా రెండో చెయ్యి కూడా వేసి అతని చేతిని గట్టిగా పట్టుకుంది. అదీ అతనికి తెలియలేదు.